నస్రీన్ మేడం పిలిచిన పేరు

నిన్న నల్లగొండలో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే, లోపలి నుంచి ఎవరో ఆడమనిషి "లింగమ్మక్కా" అని గొంతెత్తి పిలిచింది. కొంచెం ఉర్దూ యాస ఉన్న పిలుపు. వేరెవరినో పిలిచిందని తెలిసినా లేచి లోపలికి తొంగిచూశాను. మా అమ్మను అలా పిలిచిన మనిషి ఒక్కరే, మా ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన నస్రీన్ మేడం. కేతేపల్లిలో కిరాయికి ఉంటూ, రోజూ ఆటో దిగి మా ఇంటి ముందు నుంచే బడికి నడిచేవారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అక్క రేణుక మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. కులపెద్దలు కూర్చుని మమ్మల్ని వెలివేశారు. వెలి అంటే కొట్టరు, తిట్టరు. పిలవరు, అంతే. బోరింగు దగ్గర అమ్మ బిందె పెడితే పక్కవాళ్ల మాటలు ఆగిపోయేవి. గొర్రెలు తోలుకుని పోయే బాపుకు తోడు వచ్చేవారు లేకుండా పోయారు. నాకు ఒళ్లు మండేది. మేమేం పాపం చేశామని ఈ ముఖాలు తిప్పుకోవడాలు?

ఒకరోజు పాఠంలో ఇగ్నొమినీ అనే మాట వచ్చింది. గైడులో 'అవమానం' అని ఉందని ఒక అమ్మాయి చదివింది. మేడంకు అది చాలలేదు. "అది లాటిన్ల పుట్టిన మాట. నోమెన్ అంటే పేరు. దాని ముందల లేదనే మాట వెట్టిన్రు. అంటే మనిషికి పేరు లేకుంట చేసుడు. తిట్టెటోడే నయం, పేరన్న వెట్టి తిడ్తడు," అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది మా బజారు సంగతే అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. బడి విడిచాక మేడం నన్ను ఆపి, "మీ అమ్మ పేరేంది బిడ్డా?" అని అడిగారు.

మర్నాటి నుంచి మొదలుపెట్టారు. ఆటో దిగగానే, బజారు మొత్తం వినేట్టు, "లింగమ్మక్కా, మంచిగున్నవా?" అమ్మ తలుపు చాటుకు పోయేది. "ఆమెకేంది, రేపో మాపో ట్రాన్స్‌ఫరై పోతది. మాటలు వడేది మనం," అని గొణిగేది. కులపెద్ద ఒకాయన బడి గేటు దగ్గర మేడంను ఆపాడు.

"మా కులం ముచ్చట్ల మీకేం పని మేడం?"

"మీ ముచ్చట్లకు నేనేడ వచ్చిన తాతా? తొవ్వల మనిషి కనవడితే పేరు వెట్టి పలకరిస్త. రేపటి సంది మిమ్మల్ని గూడ పిలుస్త, జర పేరు చెప్పున్రి."

ఆయన చెప్పకుండానే వెళ్లిపోయాడు. మేడం పిలవడం మానలేదు. ఒక ముసురు పొద్దున అమ్మే బయటికి వచ్చి, "మంచిగనే ఉన్న మేడం. చాయ్ తాగి పోన్రి," అంది. మేడం మా అరుగు మీద కూర్చుని, తీరిగ్గా తాగి వెళ్లారు.

దసరా ముందు పెద్దలు మా ఇంటికే వచ్చారు. మమ్మల్ని మళ్లీ కలుపుకుంటారట. షరతు ఒక్కటే, రేణుకకు దినాలు చేయాలి. బతికున్న పిల్లకు పిండం పెట్టి, ఇక ఆ పేరు ఎత్తమని అందరి ముందు ఒప్పుకోవాలి. బాపు తల వంచుకుని కూర్చున్నాడు. నా పెళ్లికైనా, రేపు తన పాడె మోయడానికైనా వాళ్లే రావాలని ఆయన భయం. ఒప్పుకుంటాడేమోనని ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆ కూటంలో ఆడవాళ్లు మాట్లాడరు. అమ్మ గడప దాటి వచ్చి మధ్యలో నిలబడింది. "నా బిడ్డ పేరు రేణుక. నీళ్లోసుకున్నది. దాని దినాలు నేను చెయ్య, కాన్పు చేస్త. మీరు పిలవకుంటె పిలవకున్రి, ఇట్లనే బతుకుతం."

పెద్దలు లేచి వెళ్లిపోయారు. వెలి ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. మేడం బదిలీ మీద మహబూబ్‌నగర్ వైపు వెళ్లిపోయారు. అక్క మాత్రం కాన్పుకు మా ఇంటికే వచ్చింది.

నేనిప్పుడు వకీలును. వెలివేసిన కుటుంబాల తరఫున నిలబడితే, రాజీ చేసుకోమని కులపెద్దలు నా ఆఫీసుకు వస్తుంటారు. కుర్చీలు వేయిస్తాను, చల్లటి నీళ్లిస్తాను, చెప్పిందంతా వింటాను. కేసు మాత్రం వెనక్కి తీసుకోను.