ఎండబెట్టిన మృదంగం

ఒక మృదంగాన్ని కొబ్బరిలా ఎండబెట్టి, మా బృందం పరువును అమలాపురం నడిబొడ్డున ఫట్‌మనిపించిన వాణ్ణి నేనే. ఈ కథ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. పెళ్ళిలో కనబడితే చెప్పమంటారు, రేషన్ క్యూలో కనబడితే చెప్పమంటారు. మొన్న పన్ను పీకించుకోవడానికి వెళ్తే ఆ డాక్టరుగారు కూడా, నా నోట్లో పట్టకారు పెట్టి మరీ, "ఆ మృదంగం సంగతేంటండీ?" అన్నారు. రాసి పడేస్తే ఇక ఎవరూ అడగరని చిన్న ఆశ.

మలికిపురంలో మాదొక వాద్యబృందం. వారమంతా ఎవరి పని వాళ్ళు చేసుకుని ఆదివారం మధ్యాహ్నం వాయించుకునేవాళ్ళం. రిటైరైన సంస్కృతం మాస్టారు శాస్త్రిగారిది వయొలిన్. కువైట్‌లో పదేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చిన నాగేశ్వరరావుది క్లారినెట్. కొబ్బరి వ్యాపారి కామరాజుగారిది మృదంగం. మేం సాధన చేసే గోదాం కూడా ఆయనదే. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. ఏ వాద్యమూ రాదు గనక నా చేతికి తాళాలిచ్చి సెక్రటరీని చేశారు. సెక్రటరీ అంటే ఏమిటనుకున్నారు? ఒకరు వస్తే ఇంకొకరు రారు, అందరూ వస్తే కరెంటు ఉండదు. ముప్పై ఏళ్ళకే అరవై ఏళ్ళ నీరసం వచ్చేసింది, ఆ పదవి పుణ్యమా అని.

అలాంటి మాకు అమలాపురంలో ఒక స్కూలు వార్షికోత్సవంలో వాయించమని పిలుపొచ్చింది. అదే మా మొదటి స్టేజీ. ఆ మరుసటి నెలకి రాజోల్లో ఇంకోటి కూడా ఒప్పుకున్నాం. అందరికంటే ఎక్కువ సంబరం కామరాజుగారిది. దానికి కారణం కచేరీ కాదు, ఆయన భార్య వీరలక్ష్మిగారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయన మృదంగాన్ని ఒక్కసారి కూడా కూర్చుని వినలేదు. ఆయన దాన్ని ఒళ్ళోకి తీసుకోగానే ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయేవారు.

"ఈసారి వస్తానందండి," అన్నారాయన, మృదంగాన్ని కండువాతో తుడుస్తూ. "ముందు వరసలోనే కూర్చుంటాదంటండి. మాస్టారండీ, ఆ ఒక్కరోజూ బాగా పలికితే చాలండి నాకు."

నాకు మనసు కరిగిపోయింది. కరిగి ఊరుకుంటే ఎంత బాగుండేది!

అది శ్రావణమాసం. నాలుగు రోజులుగా ఒకటే వాన. కచేరీ ముందురోజు చూస్తే మృదంగం తోలు చెమ్మెక్కి, నానిన అప్పడంలా సాగిపోయి ఉంది. కామరాజుగారు దాన్ని నా ముందు పెట్టి, "శ్రుతి దిగిపోయిందండి," అన్నారు, చావు కబురు చెప్పినట్టు.

"ఏం ఫర్వాలేదండి. వేడి తగిలితే బిగుసుకుంటుంది."

"వేడంటే ఎంతండి?"

"అది నాకు వదిలెయ్యండి," అన్నాను.

ఈ మాట ఎవరైనా మీతో అంటే, మీ వస్తువు చంకన పెట్టుకుని వెనక్కి చూడకుండా పారిపోండి.

గోదాం వెనకాల కొబ్బరి ఆరబెట్టే గది ఉంది. ఎండ లేని రోజుల్లో కింద చిప్పలతో నిప్పు వేసి, పైన తడకల మీద కొబ్బరి పరుస్తారు. ఆ కొబ్బరి మధ్య చోటు చేసి మృదంగాన్ని పడుకోబెట్టాను, ఒక్క గంట ఉంచి తీసేద్దామని. అంతలో నాగేశ్వరరావు ఫోన్ చేసి రేపు వ్యాను రావడం లేదన్నాడు. ఇంకో వ్యాను కోసం రాజోలంతా తిరిగి, ఇంటికొచ్చి, ఇంత తిని, పడి నిద్రపోయాను. తెల్లారి పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది.

నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తాను. చూస్తే ఎక్కడా కాలలేదు. వేలితో మీటితే స్టీలు బిందెలా ఖంగుమంది. "చూశారా, ఎలా పలుకుతోందో," అని కామరాజుగారి చేతిలో పెట్టాను. రాత్రంతా అక్కడే ఉందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

అమలాపురంలో తెర వెనక శ్రుతులు చూసుకుంటున్నాం. శాస్త్రిగారు ఒక చెవి మృదంగం దగ్గర పెట్టి, "కామరాజుగారూ, మేమంతా ఇక్కడున్నాం, మీరు గోపురం మీదున్నారు. కాస్త దిగండి," అన్నారు.

కామరాజుగారు రాయీ పుల్లా తీసి అంచు చుట్టూ కొట్టారు. చెమటలు దిగాయి గానీ శ్రుతి దిగలేదు.

"రావట్లేదండి. ఇదెప్పుడూ ఇంత మొండికెయ్యలేదండి."

"పోనీ మృదంగం లేకుండా కానిచ్చేద్దామండీ," అన్నాడు నాగేశ్వరరావు.

కామరాజుగారు తెర సందులోంచి హాల్లోకి చూశారు. ముందు వరసలో వీరలక్ష్మిగారు కొత్త చీర కట్టుకుని, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. మేం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

"అది దిగకపోతే మనమే ఎక్కుదాం," అన్నాను, సెక్రటరీ హోదాలో.

శాస్త్రిగారు వయొలిన్ తీగ బిగించారు. ఇంకా, అన్నాను. ఇంకా బిగించారు. టప్‌మని తెగి ఆయన కళ్ళజోడు మీద కొట్టింది. "ఇంకోటుందండి," అన్నారు. అదీ తెగింది. "ఇంక లేదండి," అన్నారు చాలా మర్యాదగా.

"వయొలిన్‌కున్నట్టు దీనికి తిప్పడానికి చెవుల్లేవు మాస్టారండీ, నన్నేం చెయ్యమంటారు?" అని నాగేశ్వరరావు క్లారినెట్ చూపించాడు.

ఆడలేక మద్దెల ఓడన్నారు. మద్దెల ఇనుములా ఉండి, మిగతావాళ్ళు ఓడిపోతుంటే ఏమనాలో పెద్దలు చెప్పి పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. నేను మృదంగం ఎండాక తడి తువ్వాలు పట్టుకున్నాను. తోలు మీద అద్దగా అద్దగా శ్రుతి కాస్త దిగింది. మిగిలిన మూడు తీగలతో సర్దుకుంటానన్నారు శాస్త్రిగారు. గండం గడిచిందనుకున్నాను. తెర లేచింది.

కామరాజుగారు పంచె సర్దుకుని, భార్య వైపు ఒక్కసారి చూసి, ముప్పై ఏళ్ళుగా దాచుకున్న మొదటి దెబ్బ వేశారు.

ఫట్.

తోలు మధ్యలోంచి చీలి, ఆయన చెయ్యి మణికట్టు దాకా లోపలికి దిగిపోయింది. తోలు మీదుండే నల్లటి బిళ్ళ లేచి, గాల్లో రెండు చుట్లు తిరిగి, సరిగ్గా వీరలక్ష్మిగారి సంచీ మీద వాలింది. ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నారు, తర్వాత నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. తెర దించేసి పిల్లల డాన్సు పెట్టేశారు.

బయట వ్యాను దగ్గర ఆయన ముందు నిలబడి చెప్పేశాను. "రాత్రంతా ఆ గదిలోనే మర్చిపోయానండి. తప్పంతా నాదేనండి."

అంతలో వీరలక్ష్మిగారు వచ్చి, ఆ నల్ల బిళ్ళను రుమాల్లోంచి తీసి భర్త చేతిలో పెట్టారు. ఆయన తలెత్తకుండానే, "ఎలాగుందే?" అని అడిగారు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఆవిడ కాస్త ఆలోచించారు.

"బావుందండి. ఇంత తొందరగా అయిపోద్దని తెలిస్తే ఎప్పుడో వచ్చి వినేదాన్ని కదండీ. ఇంటికాడ మొదలెడితే రెండు గంటలు వదలరని పెరట్లోకి పోయేదాన్ని. ఇకనించి ఎక్కడ వాయించినా వస్తానండి."

కామరాజుగారి మొహం చూడాలి మీరు. నన్ను వ్యాను వెనక్కి లాక్కెళ్ళి, రెండు చేతులూ పట్టుకున్నారు.

"మాస్టారండీ, వచ్చే నెల రాజోల్లో వాయించాలి కదండీ. రేపే కొత్త తోలు మూత వేయించేస్తానండి. ముందురోజు మాత్రం మీ చేత్తోనే ఆరబెట్టి పెట్టాలండి. ఆయ్, రాత్రంతా ఉంచండి."

ఆ వ్యాను చక్రం మీద చెయ్యి వేసి అప్పుడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో వడియాలు ఎండబెడతాను, మిరపకాయలు ఎండబెడతాను, అవసరమైతే ఊరందరి బట్టలూ ఎండబెడతాను. తోలు బిగించిన వస్తువు జోలికి మాత్రం, ఎంతటి కాపురం నిలబడుతుందన్నా సరే, పోను గాక పోను.