పోను మూడు గంటలు, రాను ఎనిమిది

అప్పట్లో మా శామీర్‌పేట్ వాళ్ళకు విమానమంటే తలెత్తి చూసేదే గాని ఎక్కేది కాదు. హకీంపేట మీద వాయుసేన శిక్షణ విమానాలు రోజూ ఎగిరేవి, కానీ ఏ ఊరికీ పోయేవి కావు. గుండ్రంగా తిరిగి మళ్ళీ అక్కడే దిగేవి. అలాంటిది, విమానం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎంతసేపట్లో పోతుందన్న లెక్క నా మెడకు చుట్టుకుంటుందని ఇరవై ఏళ్ళ వయసులో కలలో కూడా అనుకోలేదు. మేడ్చల్‌లో ఎరువుల దుకాణంలో పద్దులు రాసేదాన్ని. (కూడడం ఒకసారి, సరిచూడడం మూడుసార్లు. ఇప్పటికీ అంతే, కూరగాయల బండివాళ్ళు నన్ను చూస్తే వేగం పెంచుతారు.)

లాల్‌గడి మలక్‌పేట్‌లో మా పొలానికి ఆనుకొని ఒక జామతోట ఉండేది. ఆ తోట చాచా ఒకనాడు విమానం టికెట్లు పట్టుకొని, తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆమెను ఊరంతా దాదీ అనేవాళ్ళం. మక్కాకు పోయి ఉమ్రా చేసి రావాలన్నది దాదీకి ఎన్నాళ్ళ కోరికో. అడ్డమల్లా ఆమె మోకాళ్ళే. ఒకచోట ఎక్కువసేపు కూర్చుంటే బిగుసుకుపోయేవి.

"ఎన్ని గంటలు కూసోవాల్నో సూసి జెప్పు బేటీ. ఎక్కువైతే అమ్మీ రానంటాంది," అన్నాడు చాచా. చూశాను. హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగింటికి లేచి, మక్కాకు దగ్గరున్న జెద్దాలో ఏడింటికి దిగుతుంది. "మూడు గంటలు దాదీ." "గంతేనా! నిజామాబాద్ బస్సుల గూడ గంతసేపు కూసుంట గద!" అని దాదీ మురిసిపోయింది.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? తిరుగు టికెట్ కూడా చూశాను. జెద్దాలో రాత్రి ఎనిమిదింటికి లేచి, ఇక్కడ తెల్లవారుజామున నాలుగింటికి దిగడం. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిది గంటలు! అదే దారి, అదే నాలుగు వేల కిలోమీటర్లు! "యా అల్లా!" అని దాదీ గోడకు చేరగిలబడింది. చాచా మాత్రం తొణకలేదు. "పరేషాన్ ఎందుకమ్మీ? పోయేటప్పుడు ఖాళీ సంచులు. వచ్చేటప్పుడు అందరి తాన జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు, కంబళ్ళు. గంత బరువుకు ఇమానం మెల్లగ రాదా?" "అయితే పోత గని మల్ల రాను. నన్ను ఆడ్నే ఇడిచిపెట్టి రా," అంది దాదీ.

బడిలో చదివిన భూగోళం నాకు అప్పుడు గుర్తొచ్చింది. "కాదు దాదీ, వాళ్ళ గడియారం మనకంటే రెండున్నర గంటలు ఎనక ఉంటది. మన దగ్గర పొద్దు గూకి మగ్రిబ్ నమాజు అయిన శానాసేపటికి గాని వాళ్ళకు గూకదు. వచ్చేటప్పుడు నిజంగ కూసునేది అయిదున్నర గంటలే!" దాదీ ముఖం విప్పారింది. ఆ ఊపులో, "పోయేటప్పుడు గూడ అయిదున్నరే," అనేశాను. చాచా తల పట్టుకున్నాడు. "గది నిన్నెవరు అడిగిండ్రు బేటీ?"

"మూడు అంటిరి, ఇగ అయిదున్నరా? నాతోని గాదు. టికెట్లు వాపస్ జెయ్," అని దాదీ లేచింది. గడప దాకా పోయి ఆగింది. "కాయితం మీద పోవుడు మూడు గంటలనే ఉందన్నవ్ గద?"

"అట్లనే ఉంది గని దాదీ..."

"అచ్చేసిన కాయితం అబద్ధమాడతదా? పోయేటప్పుడు కాయితం లెక్క, వచ్చేటప్పుడు నీ లెక్క. రెండు గలిపి ఎనిమిదిన్నర. గంతయితే కూసుంట. ఏమంటవ్?"

పదకొండు అన్న మాట నా నాలుక చివరికి వచ్చింది. దాదీ వెనక నిలబడి చాచా నాకు దండం పెడుతున్నాడు. తప్పు కూడిక ఎదురుగా కనిపిస్తుంటే, జీవితంలో మొదటిసారి, "లెక్క సరిగ్గుంది దాదీ," అన్నాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

దాదీ ఉమ్రా చేసి వచ్చింది. ప్రయాణం ఎట్లుండెనని అడిగితే, "పోయేటప్పుడు జర లేటయింది బేటీ, ఎదురుగాలి ఉన్నట్టుంది," అని నా దోసిట్లో ఖర్జూరాలు పోసింది. ఆ తర్వాత ఎందరి పద్దులో దిద్దాను. ఆ ఎనిమిదిన్నరను మాత్రం ఇన్నేళ్ళూ అలాగే ఉండనిచ్చాను.