అనుమానాన్ని పనిలో పెట్టిన మేడం గారు

మేడం గారు పోయారని పోయిన వారం వాట్సాప్‌లో చూసినప్పుడు నేను నమ్మలేదు. బతికున్న మనుషుల ఫోటోలకు దండలేసి పంపుతున్న రోజులివి. రాజమండ్రిలో వాళ్ల ఎదురింటావిడకు ఫోన్ చేశాను. నిద్రలోనే పోయారని చెప్పి ఆవిడ ఏడ్చేసింది. అప్పుడు నమ్మాను.

మా ఇంట్లో నన్ను అనుమానపు పక్షి అంటారు. ఏం చెయ్యను? మా అమ్మాయికి ఆటిజం. డిగ్రీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది. తన వాటా అనుమానం కూడా నేనే పడాలి. రిటైరైన స్టాటిస్టిక్స్ లెక్చరర్ ఒకావిడ ఇలాంటి పిల్లల్ని ఇంటికి పిలిచి ఏఐ ఉద్యోగాలకు తయారు చేస్తున్నారని, ఫీజు తీసుకోరని తెలిసినప్పుడు, ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాను. ఊరికే పాఠం చెప్పి, రేపు ఏ కంపెనీకి అప్పజెబుతారో ఎవరికి తెలుసు?

శనివారాలు అమ్మాయిని నిడదవోలు నుంచి రైల్లో తీసుకెళ్లి, మేడం గారి గుమ్మం దగ్గర కాపలా కూర్చునేదాన్ని. రెండో వారం ఆవిడే వచ్చి, "అక్కణ్ణించి సరిగ్గా కనపడదండి. లోపలికొచ్చి కూర్చోండి" అన్నారు. ఎత్తిపొడుపేమోనని మొహం చూశాను. కాదు, నిజంగానే కుర్చీ వేయించారు.

ఆవిడ నేర్పేదీ ఒకరకంగా అనుమానమే. కంప్యూటర్ ఇచ్చే జవాబుల్లో తప్పులు పట్టడం ఇప్పుడొక ఉద్యోగమట. పూతరేకులు ఎలా చేస్తారని అడిగితే అది నూనెలో వేయించమంది. మా అమ్మాయి ఒప్పే అని టిక్కు పెట్టింది, అంత వివరంగా రాసింది కదా అని. మేడం గారు విసుక్కోలేదు. "వివరంగా చెప్పినవాళ్లనే ఇంకోసారి అడగాలమ్మా" అన్నారు. ఆ తర్వాత మా అమ్మాయి పట్టిన తప్పులు నాకైతే కనపడేవి కావు.

ఇంటర్వ్యూలు అలవాటు చెయ్యడానికి నన్నే ఆఫీసరుగా కూర్చోబెట్టారు. నా చూపు కంటే ఎక్కువగా ఏ ఆఫీసులోనూ భయపెట్టరని నవ్వేవారు. పిల్లలు కళ్లలోకి చూడకపోయినా మార్కులు తగ్గించొద్దని నాకు చెప్పేవారు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమని వాళ్లకు నేర్పేవారు. ఏడాది పాటు ఇందులో ఆవిడకేం లాభమా అని వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు. వెతకడం మానేసి ఉంటే, అనుమానం లేని ఆఫీసరు పనికిరాదని ఆవిడే నన్ను ఆ కుర్చీలోంచి లేపేసేవారు.

మేడం గారిని చర్చి వెనక సమాధి చేసిన మర్నాడే అమ్మాయికి కాకినాడలో ఇంటర్వ్యూ. నేను తలుపు దగ్గరున్నాను. ఉద్యోగం ఇస్తామన్నారు. అక్కడి ఆఫీసరు ఒప్పంద పత్రం ముందుకు తోసి, అంతా మామూలేనమ్మా, మమ్మల్ని నమ్మి సంతకం పెట్టెయ్ అన్నాడు. పెట్టేస్తుందని నేను సగం లేచాను.

అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "చదివాక నమ్ముతానండి" అంది.

నేనే నేర్పాననుకుని అతను నా వంక చూశాడు. మేడం గారు లేరన్న సంగతి నాకు అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది, ఏడుపాగలేదు. అమ్మాయి కిటికీ వైపు జరిగి, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుంటూ చదువుతోంది. అతను గడియారం చూసుకుంటున్నాడు. ఇంకా మొదటి పేజీయే.