ప్రార్థన కుండ

మా అత్తతో ఒక చిక్కుండేది. బైబిల్లో ఏం చదివితే అది చేసేయాలంటుంది. ఆకలిగొన్నవాళ్లకు పెట్టమని ఆదివారం చదివారంటే, సోమవారం మా ఇంట్లో సంగటి ముద్ద సగమైనట్టే. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో నాకది ముచ్చటగా ఉండేది. పాప పుట్టాక ముచ్చట పోయి భయం పట్టుకుంది.

సోమందేపల్లె నుంచి మా పల్లెకు బండి బాట తప్ప మరో దారి లేదు. చర్చి దూరం కాబట్టి శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే జరిగేది. అత్త చాపలు పరిచి, గూట్లో బైబిలు పెట్టి, దాని కింద నీళ్ల కుండ పెట్టేది. పాటలు, వాక్యం అయ్యాక ఆ కుండ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థించేది. ఆ నీళ్లు తలా గుక్కెడు తాగి, ఇంటికో సీసా పట్టుకుపోయేవాళ్లు. జ్వరమొచ్చినా, బిడ్డ ఉలిక్కిపడినా, ఎద్దు మేత మానినా ముందు ఆ నీళ్లే. మాకు అంతకంటే దగ్గర్లో డాక్టరు లేడు మరి.

ఎనభైల మొదట్లో వానలు వరసగా మొండిచెయ్యి చూపించాయి. శనక్కాయ విత్తనం నేలలోనే మాడిపోయింది. బావులు అడుగంటాయి. ఇక మిగిలింది ఊరి పక్క వాగు, మేం వంక అంటాం. ఎండిన ఇసుకలో చెలమ తవ్వి, ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకునేవాళ్లం. ప్రార్థన కుండలోకీ ఆ నీళ్లే. ఆ వంకకే ఎగువన పైపల్లె అని ఒకటుంది. వాంతులు, విరేచనాలు మొదట అక్కడే మొదలయ్యాయి. ఆ రోగం పేరు మా పల్లెలో ఎవరూ నోటితో అనేవాళ్లు కాదు. "ఆడ అది వచ్చిందంట" అనేవాళ్లు, అంతే.

చావు డప్పు మాకు వినిపించేది. పొద్దున ఒకసారి, మళ్లీ ఎండ దిగాక ఒకసారి. ఈ డప్పు ఎప్పుడు ఆగుతుందా అని నేను చెవులు మూసుకునేదాన్ని. ఒక రోజు ఆగిపోయింది. రోగం తగ్గిందేమోనని సంబరపడ్డాం. సాయంత్రానికి తెలిసింది, డప్పు కొట్టేవాడు పడిపోయాడని.

సోమందేపల్లె నుంచి నర్సమ్మ వచ్చి, ఏ నీళ్లయినా కాచి చల్లార్చి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పి పోయింది. కట్టెలకు కరువే అయినా, శనక్కాయ పొట్టు ఎగదోసి మరీ కాచాను. "మరి ఈ కుండ?" అని అత్తను అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ప్రార్థన చేసిన నీళ్లకు మంట పెడతారా? ఆయన మాట మింద నమ్మకం లేదని చెప్పినట్టు గాదా?"

నాకూ సబబే అనిపించింది. ఆ ఇంట్లో ఎవరికైనా సబబే అనిపిస్తుంది.

ఆ శుక్రవారం చదివింది ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన భాగం. చదువుతున్నప్పుడే పాపను ఒళ్లోకి లాక్కున్నాను. అందరూ సీసాలతో వెళ్లిపోయాక అత్త చీర దులుపుకుని లేచింది.

"పైపల్లెలో పడినోళ్లకు నోట్లో నీళ్లు పోసే దిక్కు లేదంట. నేను పోతాండా."

"ఇంట్లో పసిబిడ్డ ఉండాది. ఆ రోగాన్ని కొంగున కట్టుకొని వస్తావా? నిన్నెవురు పిలిచినారు ఆడికి?"

"పిలిచినాడు కదమ్మీ. ఇప్పుడే కదా చదివితిమి."

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని మా అమ్మ చెప్పేది. నువ్వు చేసే బేరానికి నా బిడ్డను తాకట్టు పెట్టొద్దు!"

మా ఆయన తల ఎత్తలేదు. తల్లీ పెళ్లామూ మాటకు దిగితే ఆయనకు నేల మీద ఏవో చీమలు కనిపించేవి. అత్త మాత్రం కోప్పడలేదు.

"నీ మాట నిజమే. అంతా సద్దుమణిగేదాకా ఈ గడప తొక్కను. పాపకు కుండలో నీళ్లు పొద్దున్నే ఒక గుక్క తాపేది మరవద్దు. అవి ఉంటే దానికేం గాదు."

ఆమె మాట తప్పలేదు. రోజూ చీకటి పడకముందు పైపల్లె నుంచి నడిచొచ్చి, బాటకు అవతల రాతికట్ట మీద కూర్చునేది. మా ఆయన సంగటి తీసుకెళ్లి కట్ట మీద పెట్టి వెనక్కి వచ్చేవాడు. ఆ తర్వాతి శుక్రవారం కూడిక అలాగే జరిగింది. లోపల మేము, బాట అవతల ఆమె. పాట మొదటి చరణం ఆమె ఎత్తుకుంటే మేము అందుకున్నాం. ఆఖరున చేతులు ఇంటివైపు చాచి, అక్కడినుంచే కుండ కోసం ప్రార్థన చేసింది. నేను మాత్రం ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. గాలి ఆమె వైపు నుంచి వీస్తోందని పాప ముఖానికి కొంగు అడ్డం పెట్టాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున పాప లేచి కూర్చోలేదు. చాప తడిసి ఉంది. బియ్యం కడిగిన నీళ్లలా ఉంది ఆ తడి. మధ్యాహ్నం కాకముందే కళ్లు గుంటలు పడ్డాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడింది. మా ఆయన నర్సమ్మ కోసం సోమందేపల్లెకు పరుగెత్తాడు, ఎవరో పైపల్లెకు కబురు చెప్పారు. అత్త రొప్పుతూ వచ్చి బాట అవతలే ఆగిపోయింది.

"నీవల్లే!" అని అరిచాను. ఆమె ఇంటి దరిదాపులకు రాలేదని నాకు తెలుసు. అయినా అరిచాను. ఇంకెవరి మీద అరవను?

"దానికేం తాపినారు?"

"కాచిన నీళ్లే. అన్నీ కాచినవే."

"అన్నీనా?"

"పొద్దున్నే కుండలోది ఒక గుక్క. నువ్వు చెప్పినట్టే."

అత్త ముఖంలో రక్తం లేదు. వంక వైపు తిరిగి, ఎగువకు చూసింది. ఆ తర్వాత గడప దాకా వచ్చి ఆగింది.

"లోపలికి రానా అమ్మీ?"

రమ్మన్నాను. చేతులు బూడిదతో రుద్దుకుని, కాచిన నీళ్లు పోసి కడుక్కుంది. ఇంకొన్ని కాచిన నీళ్లలో ఉప్పూ బెల్లమూ కలిపి, పాప నోట్లో చెంచాతో పోయడం మొదలుపెట్టింది. కక్కితే కాసేపు ఆగి మళ్లీ పోసేది. పైపల్లెలో నర్సమ్మ దగ్గర నేర్చుకుందట. ఆ నర్సమ్మ దొరక్క మా ఆయన చీకటి పడ్డాక ఒక్కడే తిరిగొచ్చాడు. ఏ పనికైనా ముందు ప్రార్థన చేసే మనిషి నోట ఆ పగలంతా, రాత్రంతా ఒక్క ప్రార్థన మాట రాలేదు. పాప ఒంటి చల్లదనం కంటే అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

తెల్లారేసరికి నా ఒడి వెచ్చగా తడిసింది. పాప ఉచ్చ పోసింది. ఆ తడి చీరను ముఖానికి హత్తుకుని నేను ఏడుస్తూ నవ్వాను. నా బిడ్డ నాకు దక్కింది. "అత్తా, చూడు!" అన్నాను.

ఆమె చూసింది కానీ నవ్వలేదు. "పోయిన శుక్రవారం సీసాలు ఎవరెవరు పట్టుకపోయినారు?"

"అందరూ." ఆ మాట అన్నాక గానీ ఆమె ఎందుకడిగిందో నాకు తట్టలేదు.

అత్త కుండ ఎత్తుకెళ్లి పెంటదిబ్బ మీద వంచింది. ఆ కరువులో నీళ్లు నేల మీద పోయడం నేను చూడటం అదే మొదటిసారి. తేటగా ఉన్నాయి. వాసన లేదు, రంగు లేదు. ఉప్పూ బెల్లమూ గుడ్డలో మూటకట్టి ఆమె వీధిలోకి దిగింది. పాపను దించే ధైర్యం లేక చంకనేసుకుని నేనూ వెంట నడిచాను. "నేనిచ్చిన నీళ్లు పారబోయండని చెప్పాల. ప్రతి ఇంట్లో నా నోటితో నేనే చెప్పాల," అని తనలో తానే అనుకుంటోంది.

మేము కొట్టకముందే పక్కింటి తలుపు తెరుచుకుంది. ఆ ఇంటి కోడలు కొడుకును భుజాన వేసుకుని నిలబడింది. వాడి తల వెనక్కి వాలిపోయి ఉంది. ఆమె చేతిలో ఖాళీ సీసా ఉంది. అత్తను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"నీకోసమే వస్తాండా అవ్వా," అంది. "నీళ్లు అయిపోయినాయి. ఇంగొంచెం ఇయ్యి."