ముందు లోపం, తర్వాత గది

అందరూ తమ సరుకు మంచిదని చెప్పి అమ్ముకుంటారు. ఉరుకుందప్ప మాత్రం తన లాడ్జి మంచిది కాదని చెప్పి నడుపుకుంటాడు. కర్నూలు పాతబస్తీలో, బురుజు వెనక సందులో ఉన్న చౌడేశ్వరి లాడ్జికి మీరు బ్యాగు మోసుకుంటూ వెళ్లారనుకోండి. ఆయన మిమ్మల్ని కూర్చోబెడతాడు. కుండలో నీళ్లు ముంచి ఇస్తాడు. మీది ఏ ఊరో, ఏం పని మీద వచ్చారో ఓపిగ్గా కనుక్కుంటాడు. ఆ తర్వాత ఈ లాడ్జిలో మీరెందుకు దిగకూడదో అంతే ఓపిగ్గా వివరిస్తాడు.

"ఫ్యాను తిరుగుతాదప్పా, గాలి మాత్రం రాదు. శబ్దం వస్తాది. నీళ్లు ఉప్పగ ఉంటాయి, సబ్బు నురగ రాదు. మంచం మీద పక్కకు తిరిగితే అరుస్తాది. నిద్రలో శానా పొర్లే మనిషివా నువ్వు?"

"ఏసీ ఉందా?"

"ఈడ ల్యాదు. బస్టాండు కాడ లాడ్జీల్లో ఉండాది. ఆటో పిలిపియ్యమంటావా?"

సగం మంది ఆ ఆటో ఎక్కేవాళ్లు. మిగతా సగం, ఇంత ఘోరంగా చెబుతున్నాడంటే దాచిందేమీ లేదని ధైర్యం తెచ్చుకుని దిగేవాళ్లు.

జీవిత ఆ లాడ్జిలో రిసెప్షనిస్టుగా చేరిన మొదటిరోజే ఈ తంతు చూసి నోరు తెరిచింది. ఆమెది ఓర్వకల్లు పక్కన పల్లె. హోటల్ మేనేజ్‌మెంటు చదివింది. గిరాకీ గుమ్మంలోకి రాగానే నవ్వాలనీ, సౌకర్యాలన్నీ తియ్యగా చెప్పాలనీ కాలేజీలో నేర్పారు. ఆమె నవ్వింది కూడా. నవ్వి, "మా గదులన్నీ గాలీ వెలుతురూ బాగా..." అనబోతుంటే వెనకనుంచి ఉరుకుందప్ప అందుకున్నాడు.

"వెలుతురు శానా వస్తాది. పడమటి ఎండ. మధ్యాన్నం గోడ మీద రొట్టె కాల్చుకోవచ్చు."

ఆ వచ్చినాయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. జీవితకు మాత్రం నవ్వు రాలేదు.

"ఎందుకు సార్ ఇట్ల చెప్తారు?" అని అడిగింది.

"సార్ అనొద్దు, పెద్దనాయనా అను. మాది ఎమ్మిగనూరు పాపా, మగ్గం నేసే ఇల్లు. మా నాయన సంతలో చీరె పరిస్తే ముందు కొంగు చూపించేటోడు కాదు. పోగు తెగి అతికించిన చోటుంటే, అదే ముందు తీసి చూపించేటోడు. ఇదిగోమ్మా లోపం, ఇది నచ్చితే మిగతాది చూడు, అనేటోడు. లోపం దాచి అమ్మిన చీరె కట్టుకున్నామె, కట్టుకున్నప్పుడంతా మనల్ని తిడతాదంట. మరి లాడ్జిలో పండుకున్నోడు తిట్టడా?"

జీవిత వాళ్లమ్మ విశ్వాసమ్మ చిన్నప్పటినుంచీ ఇంట్లోనూ చర్చిలోనూ చెప్పింది కూడా ఇదే, అబద్ధమాడొద్దని. కాకపోతే నిజం మరీ ఇంత పొద్దున్నే లేచి వీధిలో నిలబడి అరవాలా అని ఆమె బాధ.

పట్టు వదలకుండా లాడ్జిని ఒక బుకింగ్ యాప్‌లో పెట్టింది. అది ఇంకా ప్రమాదమైంది. ఎవరో "నల్లులు ఉన్నాయి" అని రాసి ఒక్క స్టారు ఇచ్చారు. యజమాని జవాబు పెట్టే చోటు ఉంటుందని తెలిసిన ఉరుకుందప్ప, ఫోనును మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం వెతికి నొక్కాడు: "నిజమే. మందు కొట్టినాం. అన్నీ చచ్చినాయని మాత్రం చెప్పలేను." ఇంకొకరు పాపం "చాలా శుభ్రంగా ఉంది" అని మెచ్చుకున్నారు. దానికింద ఆయన జవాబు: "అది మీరు దిగిన రోజు."

జీవిత ఆ ఫోను దాచేసింది.

ఆమె తొందరకు కారణముంది. లాడ్జిలో సగం వాటా ఉరుకుందప్ప తమ్ముడు బొజ్జన్నది. ఆయనకు కర్నూలు కొత్తబస్తీలో టైల్స్ అంగడి ఉంది. చలికాలంలో ఒకరోజు వచ్చి, అన్న టీకి వెళ్లినప్పుడు జీవితతో చెప్పేశాడు.

"సూడు పాపా, మా అన్నతో మాట్లాడేది గోడతో మాట్లాడేది ఒకటే. అందుకే నీకు చెప్తాండా. ఉగాదికి వచ్చి చూస్తా. గదులన్నీ నిండితే లాడ్జి ఉంటాది, నీ ఉద్యోగమూ ఉంటాది. ల్యాకుంటే పడగొట్టి గోడౌను కడతా."

జీవిత వాళ్లది మెట్టసేద్యం. వాన పడినా పడకపోయినా నెల తిరిగేసరికి ఇంటికొచ్చే మొదటి జీతం ఆమెదే. వాళ్ల నాన్న ఇప్పుడు మబ్బు వంక చూడటం కొంచెం తగ్గించాడు. ఆ ఉద్యోగం పోతే ఆయన మళ్లీ మబ్బు వంకే చూడాలి.

పైగదులు ఎలాగోలా నిండుతున్నాయి. ఎటొచ్చీ కింద అంతస్తులో ఉన్న రెండు గదులే చిక్కు. వాటి గురించి చెప్పేటప్పుడు ఉరుకుందప్ప గొంతు తగ్గేది.

"కిందివి మాత్రం అడగొద్దప్పా. చెదలు. గోడ ముట్టుకుంటే కరెంటు కొడతాది. మోరీ వాసనకు మనిషి నిలబడలేడు. మొన్న తేలు కూడా కనపడింది."

పైగదుల్లో ఫ్యాను శబ్దం దగ్గర్నుంచీ ఆయన చెప్పిన ప్రతి లోపాన్నీ జీవిత కళ్లారా చూసింది. అందువల్ల కిందిగదుల మాట కూడా నమ్మింది. తేలంటే ఆమెకు భయం. ఆ తలుపులవైపే పోయేది కాదు, పొద్దుగూకేసరికి ఊరి బస్సెక్కేది. వాటిని ఆయనే ఊడ్చుకుని, ఆయనే తాళం వేసుకునేవాడు.

ఉగాదికి ఇంకొన్నాళ్లుందనగా ఉరుకుందప్ప బంధువుల పెండ్లికని ఎమ్మిగనూరు వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే సోలారు కంపెనీ ఇంజనీరు కేశవ వచ్చాడు. నాలుగు రోజులకు గది కావాలి. పైన ఒక్కటే ఖాళీ, అదీ పడమటిది. జీవిత ఒక చీపురు, ఒక టార్చి పట్టుకుని, ప్రభువును తలుచుకుని కిందిగది తాళం తీసింది.

చెదలు లేవు. తేలు లేదు. కొత్తగా సున్నం కొట్టిన గోడలు. కిటికీ పక్కన వేపచెట్టు నీడ. మంచం ఎత్తు తగ్గించి ఉంది. దానిమీద పడుకుని పక్కకు తిరిగి చూసింది, అరవలేదు. కొళాయి తిప్పితే మంచినీళ్లు. స్నానాలగదిలో నేల జారకుండా గరుకు రాళ్లు, పట్టుకోవడానికి గోడకొక ఇనుప కడ్డీ. రెండో గదిలో మాత్రం సున్నం పని ఇంకా సగంలోనే ఉంది, మంచం కూడా వేయలేదు.

లాడ్జి మొత్తానికీ అదే మంచి గది. జీవితకు ముందు ఆశ్చర్యం వేసింది, తర్వాత కోపమొచ్చింది. నిజం నిజమని ఊరంతా చాటుకునే మనిషి ఆమెతో ఇన్నాళ్లూ పచ్చి అబద్ధమాడాడు. బంధువులకు దాచుకున్నాడు కాబోలు అనుకుంది. ఆ కోపంలోనే కిందిగదులు రెండూ యాప్‌లో పెట్టి, కేశవకు తాళం చెవి ఇచ్చేసింది. ఆయన గది చూసి తెగ సంబరపడ్డాడు.

ఆ తర్వాత కాసేపటికి ఆటోలోంచి ఇద్దరు ముసలివాళ్లు దిగారు. ఆదోని వైపునుంచి వచ్చారు. పెద్ద ఈరన్నకు షుగరు ముదిరి పాదం కోశారు, మోకాలిదాకా కట్టు ఉంది. భార్య గిడ్డమ్మ ఆయన్ను భుజానికి ఆనించుకుని వచ్చి, నేరుగా కిందిగది తలుపు దగ్గర నిలబడింది.

"పెద్దాసుపత్రిలో కట్టు మార్సినారమ్మా. రేపు మళ్ల రమ్మన్యారు. తలుపు తీ."

"ఆ గది ఇచ్చేసినామమ్మా. పైన ఉంది."

గిడ్డమ్మ మెట్లవైపు చూసింది, మొగుడి కాలివైపు చూసింది. ఆయన్ను వరండాలో బల్లమీద కూర్చోబెట్టింది.

"అయినా ఆ గది బాగాలేదని చెప్తాడు కదమ్మా మా పెద్దనాయన," అంది జీవిత, ఏదో ఒకటి అనాలని.

"ఎవురు, ఉరుకుందప్పనా? బాగుందిలే నువ్వు చెప్పేది. మేం ఎప్పుడూ పొద్దుగూకినాకే వస్తాంటిమి, అందుకే నీకు తెలీదు. మొదటిసారి వచ్చినప్పుడు, మాకు గదీ గిదీ వద్దులేప్పా, ఈ అరుగు మీదే పండుకుంటామని నేనే అంటి. కట్టు చూసి అన్ని లాడ్జీలోళ్లూ పొమ్మనిరి గదా, ఈయప్ప మాత్రం ఎందుకు రానిస్తాడని. ఆయప్పే ఈయన సెయ్యి పట్టుకోని తీస్కపోయినాడు. కర్నూలంతా తిరిగినా ఇంత మంచి గది దొరకదు పెద్దమ్మా, గాలి సూడు, నీళ్లు సూడు, అని ఒగటే పొగడడం."

ఉరుకుందప్ప నోటినుంచి పొగడ్త. ఆ ఇనుప కడ్డీ ఎవరికోసమో జీవితకు ఇప్పుడు తెలిసింది.

తెలిసి ఏం లాభం. కేశవను గది మారమంటే కసురుకుంటాడు. యాప్‌లో ఒక్క స్టారు పడుతుంది. ఉగాదికి బొజ్జన్న వస్తాడు. ఆమె రెండుసార్లు లేచింది, రెండుసార్లూ కూర్చుంది. పెద్ద ఈరన్న ఆమె అవస్థ కనిపెట్టి, "ఉండనీలేమ్మా, ఈ బల్ల సల్లగనే ఉండాది," అన్నాడు. ఆ మాటతో ఆమెకు ఇంకా సిగ్గేసింది.

మధ్యాహ్నం బస్సుకు ఉరుకుందప్ప దిగాడు. భుజాన పెండ్లి భోజనం క్యారియరు. బల్లమీద ముసలాళ్లను చూశాడు, తలుపు ముందు కొత్త బూట్లను చూశాడు. పోయి తలుపు తట్టాడు.

"గది ఎట్లుండాదప్పా?" అన్నాడు కేశవతో.

"చాలా బాగుందండీ."

ఉరుకుందప్ప కంగారుపడ్డాడు. అప్పటివరకూ ఎవరూ ఆయనకు ఈ జవాబు చెప్పలేదు. "చెదలు..." అన్నాడు.

"ఎక్కడా లేవే."

"గోడకు కరెంటు..."

కేశవ గోడమీద అరచెయ్యి ఆనించి చూపించాడు. "భలే చల్లగా ఉంది."

తేలు సంగతి ఎత్తడానికి ఆయనకు మొహం చెల్లలేదు. దారి మార్చి, పైగదిని పొగడటానికి పూనుకున్నాడు. అది ఆయనకు అలవాటు లేని విద్య.

"పైన ఒక గది ఉండాదప్పా. శానా మంచిది. గాలి... గాలి రాదనుకో. కానీ కిటికీ పెద్దది. పెద్దదే గానీ రెక్క ఊడింది. నీళ్లు..." అక్కడ ఆగిపోయి చెమట తుడుచుకున్నాడు.

కేశవ అయోమయంగా చూస్తున్నాడు. ఇక జీవిత ఉండబట్టలేక లేచి వచ్చింది.

"సార్, పైగది బాగాలేదు. ఎండకు కాలుతుంది, ఫ్యాను మోగుతుంది. అయినా మీరు పైకి పోవాలని అడుగుతాన్నా. ఆ పెద్దాయన మెట్లెక్కలేడు. ఈ గది మీకిచ్చింది నా తప్పే. మాకు ఒక్క స్టారు ఇచ్చినా సరే."

కేశవ తల బయటకు పెట్టి వరండావైపు చూశాడు. తర్వాత లోపలికి పోయి బ్యాగు సర్దుకున్నాడు. మెట్లెక్కుతూ, "ఆ రెక్క ఊడిన కిటికీ ఎటువైపండీ?" అని మాత్రం అడిగాడు.

ముసలాళ్లు పెండ్లి భోజనం తిని పడుకున్నాక జీవిత ఉరుకుందప్పను నిలదీసింది.

"నాతో కూడా అబద్ధమేనా పెద్దనాయనా? ఆసుపత్రోళ్లకని చెప్పి ఉంటే నేను ముట్టుకుంటానా?"

"గది బాగుండాది, నీకు మాత్రం ఇయ్యను అని మొహం మీద ఎట్ల చెప్తాం పాపా? నాకు నోరు రాదు. బాగలేదంటే వాళ్లే వద్దంటారు. ఎవురికీ బాధ ల్యాదు."

"మిగతా లాడ్జీలోళ్లు ఎందుకు రానీరు వీళ్లను?"

"రోగమొచ్చినోడు. గదిలో ఏమన్నా అయితే లాడ్జి పేరు పోతాదని భయం. తప్పు పట్టేదానికి ల్యాదు, వాళ్ల పేరు వాళ్లకు ముఖ్యం." ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మన లాడ్జికి ఆ భయం ల్యాదు. పోయే పేరు మనకు యాడుండాది?"

ఆ పేరు లేకుండా ఉండటానికి ఈ మనిషి ఎంత కష్టపడుతున్నాడో జీవితకు అప్పుడు అర్థమైంది. నవ్వొచ్చింది. ఆయనమీద ఉన్న కోపమంతా ఆ నవ్వుతోనే పోయింది. ఆమె యాప్ తెరిచి కిందిగదులు రెండూ తీసేసింది. దానితో ఉగాదికి గదులన్నీ నిండే దారి మూసుకుపోయిందని తెలిసే తీసేసింది.

కేశవ నాలుగు రోజులూ పైగదిలో కాలి, వెళ్లేముందు యాప్‌లో రాశాడు: "యజమాని చెప్పిన లోపాలన్నీ ఉన్నాయి. చెప్పనిది ఒక్కటి కూడా లేదు." ఆ తర్వాత తన కంపెనీ మనుషులను కూడా అక్కడికే పంపాడు.

ఉగాదినాడు బొజ్జన్న పచ్చడి డబ్బాతో వచ్చాడు. పైకెక్కి, దిగి, తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. పైగదులన్నీ నిండాయి. కింద ఒక గదిలో కోడుమూరు నుంచి డయాలసిస్‌కు వచ్చినాయన ఉన్నాడు, రెండోది ఖాళీ. బొజ్జన్న ఆ ఖాళీ గది తలుపువైపు వేలు చూపించాడు.

"దానికేమైంది?"

"చెదలు," అని ఉరుకుందప్ప మొదలుపెట్టాడు.

"నువ్వు ఉండన్నా. పాపను చెప్పనీ."

చెదలని చెబితే ఆ గది లెక్కలోకి రాదు, జీవిత ఉద్యోగం నిలబడవచ్చు. కానీ ఈ గదుల గురించి ఒక్క మనిషైనా ఉరుకుందప్ప ఎదురుగా నిజం చెప్పాలనిపించింది ఆమెకు.

"చెదలు లేవు సార్. లాడ్జిలో అన్నిటికంటే మంచి గదులు ఈ రెండే. పెద్దాసుపత్రికి వచ్చి మెట్లెక్కలేనోళ్లు ఉంటారు, వాళ్లకోసమని పెట్టినాం. ఒక రోజు నిండుతుంది, ఒక రోజు ఖాళీగా ఉంటుంది. మీరు ఎప్పుడొచ్చి చూసినా ఇంతే. ఏ లోపమూ లేదు సార్ వాటిలో."

బొజ్జన్న తలుపు తోసి లోపలికి పోయాడు. స్నానాలగదిలో ఇనుప కడ్డీని ఆయన పట్టుకుని గట్టిగా ఊపి చూసిన చప్పుడు బయటికి వినిపించింది. ఆలోగా ఉరుకుందప్ప కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. కాళ్లు ఆడించాడు. ఆయన వల్ల కాలేదు.

"ఏ లోపమూ ల్యాదని అట్ల అనకూడదు పాపా," అన్నాడు చివరికి. "గొళ్లెం బిగుసుకుంటాది. ముసలోళ్ల సేతికి శానా కష్టం."

బొజ్జన్న బయటికొచ్చాడు. గొళ్లెం వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. నిజమే, బిగుసుకుంది.

"రేపు మా అంగడికాడి వడ్రంగిని పంపిస్తాన్లే," అని, అన్న చేతిలో పచ్చడి డబ్బా పెట్టాడు.

ఉరుకుందప్ప మూత తీసి ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు తక్కువైంది," అని జీవిత వైపు డబ్బా జరిపాడు. "తిను పాపా."