అయ్యప్ప మాలతో మీటింగుకి

పోయినవి ముందు రాస్తాను. లారీలో సగం వాటా. మూడు సవర్ల గొలుసు. మా ఆయన లైసెన్సు, ముందు పళ్ళు రెండు. మా చెల్లెలింటికి రాకపోకలు. పెద్దమ్మాయి వాళ్ళ నాన్నతో మాట్లాడటం మానేసింది. దాన్ని ఎన్ని కింద వేయాలో తెలియక ఒకటి అని వేశాను. నేను చదివింది అయిదో తరగతే అయినా, మాచర్లలో మా వీధి ఆడవాళ్ళ చీటీలు నడిపి నడిపి లెక్క నేర్చుకున్నాను. కూడిక తప్పదు. అన్నీ తాగుడు కిందే పోయాయి.

ఏటా కార్తీకంలో ఆయన అయ్యప్ప మాల వేస్తాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. కొండకెళ్ళొచ్చి మాల తీస్తాడు, వారం తిరక్కుండా మళ్ళీ మొదలు. అయినా వీధిలో వాళ్ళు, "మాలేస్తే నీ మొగుడు బంగారమే వదినా" అని నాకే చెప్తారు. మిగతా మూడొందల పైచిలుకు రోజులు ఎవరి ఖాతాలో వేయాలో మాత్రం చెప్పరు.

తాగుడు మానేవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే మీటింగులు ఉంటాయని విన్నాను. ఎక్కడని అడగబోతే "ఎవరికమ్మా?" అంటారు, తెలియనట్టు. మందుల షాపతను గుంటూరులో ఆసుపత్రి ఉందన్నాడు. నెల రోజులు అక్కడ పడుకుంటే ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? చివరికి చీటీ కట్టే ఒకావిడ, వాళ్ళ తమ్ముడు వెళ్తున్నాడని చెవిలో చెప్పింది. రెంటచింతలలో ఒక ట్యూషన్ గది, ఆదివారం నాలుగింటికి. ముందు నేనొక్కదాన్నే చూసొద్దామని వెళ్ళాను. తాళం.

"ఇయ్యాల లేదమ్మా. తాళంచెవి పెట్టుకునే ఆయన పెళ్ళికి పోయాడు," అంది పక్కింటావిడ.

బస్సులో ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి డబ్బులు పోలేదు. ఆదివారం పోయింది.

తాగి ఉన్న మనిషిని నేను బస్సెక్కించలేను. అందుకే బాగా ఆలోచించి, మాలలో ఉన్న రోజులు ఎంచుకున్నాను. ఆ రోజుల్లో మాట వింటాడు. ఇంట్లో మేమంతా ఆయన్ని స్వామీ అనే పిలవాలి, ఆయన నన్ను మాతా అంటాడు.

"స్వామీ, బస్సెక్కండి."

"నాకెందుకు మాతా ఈ మీటింగులు? ముట్టి ఇరవయ్యారు రోజులాయె."

"అదే అక్కడ చెప్పండి."

అలా అనకుండా ఉండాల్సింది.

గదిలో ఏడుగురు, పిల్లల బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నారు. మీటింగు తాగేవాళ్ళకే, నేను వరండాలో కూర్చోవాలి. కిటికీ తీసే ఉంది. ఒక్కొక్కరే "నేను తాగుబోతుని" అని మొదలుపెట్టి చెప్పుకున్నారు. మా ఆయన వంతు వచ్చింది. నల్ల బట్టలు, నుదుట విభూతి, చెప్పులు లేని కాళ్ళు.

"స్వామి శరణం. నేను మానేసి ఇరవయ్యారు రోజులు. నాకైతే ఇబ్బందేం లేదు."

చప్పట్లు కొట్టారు. కిటికీలోంచి నా చెప్పు విసరాలనిపించింది.

అయిపోయాక మీటింగు నడిపే పెద్దాయన బయటికి వచ్చాడు. విజయపురి సౌత్‌లో ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాడట.

"మాల ఎప్పుడు తీస్తాడమ్మాయ్?"

"ఇంకో పదిహేను రోజులండీ."

"తీసిన మర్నాటి నుంచీ పట్టుకురా. ఈ ఏడుగురిలో అయిదుగురం మాలేసినోళ్ళమే. నేనైతే తొమ్మిదిసార్లు. ఆ రోజుల్లో మాకూ ఇబ్బందేం లేదు. నువ్వు మంచి రోజులు చూసి తెచ్చావు."

"చెడ్డ రోజుల్లో ఎట్టా తెచ్చేదండీ? మోసుకునా?"

"ఆటోలో," అన్నాడు నవ్వకుండా.

తిరుగు బస్సులో మా ఆయన, "చూశావా మాతా, నాకే చప్పట్లు" అన్నాడు.

మాల తీసిన నాలుగో రోజు తాగాడు. ఆ ఆదివారం పొద్దున్నుంచీ తాగనివ్వకుండా గుమ్మంలో కూర్చున్నాను. "ఏమే, నన్ను ఊళ్ళో నవ్వులపాలు చేస్తావా?" అన్నాడు. మాత పోయి ఏమే వచ్చేసింది. ఆటోలో వెళ్ళాం. చివరి బల్ల మీద కూర్చున్నాడు. తన వంతు వచ్చాక, "చేతులు ఆగట్లేదు. మూడు రోజుల్నుంచీ తాగుతున్నా" అన్నాడు. ఈసారి చప్పట్లు లేవు. పక్కనున్నాయన మంచినీళ్ళ గ్లాసు ఆయన నోటిదాకా పట్టుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ, తాగానని ఆయన ఒప్పుకోగా వినడం అదే మొదలు. నాతో కాదు, ఏడుగురు పరాయివాళ్ళతో.

"కొత్తోళ్ళు తొంభై రోజుల్లో తొంభై మీటింగులకి రావాలంటారు," అన్నాడు పెద్దాయన.

"మీకున్నది వారానికొకటి కదండీ."

"పెద్ద ఊళ్ళల్లో రోజూ ఉంటయ్యమ్మా."

తిరుగు బస్సు దిగేలోపు లెక్క కట్టాను. వారానికొకటి చొప్పున మొదటిదానికీ తొంభయ్యోదానికీ మధ్య ఎనభై తొమ్మిది వారాలు. అంటే ఏడాది ఎనిమిదిన్నర నెలలు. అదీ ఎవరూ పెళ్ళికి పోకుండా ఉంటే.

ఇప్పటికి పదమూడుసార్లు వెళ్ళాడు. మాలతో వెళ్ళినదాన్ని నేను లెక్కలోంచి కొట్టేశాను. మొన్న దార్లో తాగి వెళ్ళాడు, అదీ కొట్టేశాను.

"వచ్చినవన్నీ లెక్కేనంట. పెద్దాయన్నడుగు," అన్నాడు మా ఆయన.

"ఆయన లెక్క ఆయన్ది. నా దగ్గర పదకొండే."

"చానా పిసినారివే నువ్వు," అని విసుక్కుంటూనే చొక్కా వేసుకున్నాడు. ఆదివారం, మూడింటి బస్సు. బాకీ డెబ్బై తొమ్మిది.