కత్తక్క చివరికి కోసిన విత్తనం

బంగాళాదుంపను నాటేముందు ముక్కలు కోయాలి. ముక్కకు రెండు కళ్ళు, అంటే మొలక వచ్చే గుంటలు, ఉంటే మొక్క వస్తుంది, లేకపోతే మట్టిలో కుళ్ళుతుంది. మా పక్కింటావిడ ఈ పనిలో ఆరితేరింది కాబట్టి అందరూ ఆవిడను కత్తక్క అనేవారు. ఆవిడ చేతిలో ఒక్క కన్ను తెగేది కాదు. నేను కోస్తేనా, సగం ముక్కలు గుడ్డివే. నాట్ల రోజులొస్తే జనమంతా ఆవిడ గుమ్మం ముందే. "నీ హస్తవాసి మంచిదక్కా, ముందు మా ఇంటికి రా" అని బతిమాలేవారు. నన్ను పిలిచిన పాపాన పోయినవాడు లేడు. ఒళ్ళు మండేది, దాపరికమెందుకు?

మనిషి మాత్రం వెన్న. మొగుడు పోయాక ఆ కత్తితోనే చెల్లెల్ని పెంచి పెళ్ళి చేసింది. ఒళ్ళో గుడ్డ పరుచుకుని, దుంప దుంపకూ కత్తి తుడిచేది. అంత శుభ్రం. ఎన్ని ఇళ్ళు తిరిగినా కత్తి అదే, గుడ్డా అదే. వేరే కత్తి ఇస్తే "నా చేతికి ఇది తప్ప ఏదీ నప్పదమ్మా" అనేది.

ఆ ఏడు చెల్లెలి మొగుడు నిచ్చెన మీంచి పడి మంచం పట్టాడు. చెల్లెలు ఒక్కతే నిలబడి నేల దున్నించి, బోదెలు తీయించింది. ఆ పంట చేతికొస్తేనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది.

"నీ విత్తనం చివర్లో కోస్తానే. అందరి పనీ తెమిలితే నిదానంగా కూర్చోవచ్చు" అంది కత్తక్క.

"అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లోనా అక్కా?" చెల్లెలు దెప్పింది.

"నోర్ముయ్యవే. నీ ముక్క ఒక్కటి కూడా వృథా కాకూడదనే నా తాపత్రయం."

అన్నట్టే చేసింది. మధ్యలో ఒకరింట్లో కొన్ని దుంపలు లోపల గోధుమరంగు తిరిగి కనిపిస్తే అవతల పారేసి, కత్తి తుడుచుకుని పని సాగించింది. అందరివీ అయ్యాక చెల్లెలి విత్తనం కోసి, గాయం ఆరేదాకా నీడలో పరిచి, తనే దగ్గరుండి నాటించింది. నేను మాత్రం ఉడుకుమోత్తనంతో చిన్న దుంపలు ఏరి, కోయకుండా అలాగే పాతిపెట్టాను.

మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. మొదళ్ళకు మట్టి ఎగదోసిన కొద్దిరోజులకే, ఆకు పచ్చగా ఉండగానే తలలు వాల్చేశాయి. నీళ్ళు పెట్టినా లేవలేదు. ఆవిడ కోసిన చేలు ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. చెల్లెలి చేనైతే పూర్తిగా పోయింది. నాది మాత్రం నిక్షేపంలా నిలబడింది.

విత్తనాల కొట్టాయన వచ్చి, చెల్లెలి చేలో ఒక దుంప తవ్వి చీల్చాడు. లోపల గోధుమరంగు వలయం, దాన్ని నొక్కితే తెల్లటి చీము.

"విత్తనం కోసిన కత్తిని మందునీళ్ళలో ముంచారా?" అన్నాడు.

"ప్రతి దుంపకీ తుడిచానయ్యా" అంది కత్తక్క.

"తుడిస్తే పోదమ్మా. ఒక్క రోగిష్టి దుంప తగిలితే చాలు, ఆపైన కోసినవాటికల్లా కత్తే అంటిస్తుంది. ఆ గుడ్డ కూడా అంటిస్తుంది."

"మరి చివర్లో కోయించుకున్నవాళ్ళకో?"

ఆయనకేం తెలుసు, ఎవరి గురించి అడుగుతోందో! "అన్నిళ్ళ రోగమూ వాళ్ళకే చేరుతుంది కదమ్మా" అనేశాడు.

కత్తక్క గట్టు మీద చతికిలబడింది. ఇన్నాళ్ళూ ఆవిడను చూసి కుళ్ళుకున్నదాన్ని, నాకు సంబరం కలగాలి. ఏడుపొచ్చింది. చెల్లెలు పార అందుకుంది. కంపుకొడుతున్న దుంపలన్నీ తవ్వి, గొయ్యి తీసి పూడ్చింది. నేనూ కత్తక్కా సాయం పట్టాం.

సాయంత్రం ఇద్దరమూ వాళ్ళింటికే వెళ్ళాం. చెల్లెలి మొగుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొయ్యి పక్కన నేను నా చేలోంచి తవ్వి తెచ్చిచ్చిన నాలుగు దుంపలున్నాయి. కత్తక్క అలవాటుకొద్దీ కింద కూర్చుని, వాటిని దగ్గరకు లాక్కుని, వంటింటి కత్తి అందుకుంది.

చెల్లెలు గబగబా వచ్చి, ఆ కత్తిని మెల్లిగా ఆవిడ చేతిలోంచి తీసుకుంది. కోపం లేదు. తిట్టిపోసినా నేను తట్టుకునేదాన్నేమో.

"నువ్వు కూర్చో అక్కా. నేను కోస్తాలే" అంది.

"అలాగేలేవే" అంది కత్తక్క.